అమ్మమ్మ కదురు ఖాళీ చేసిన వారం

మావయ్య ఫోన్ చేసినప్పుడు నేను కణాలకి భోజనం పెడుతున్నాను. గొప్పగా చెప్పమంటే ఇంకోలా కూడా చెప్పగలను గానీ, నిజానికి నా పని అదే.

హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చేతులు వణికించి, ఒళ్ళు బిగదీసే జబ్బు ఒకటుంది కదా, పార్కిన్సన్ అని, అది వచ్చినవాళ్ళు మాకు కాస్త రక్తం ఇస్తారు. అందులోని కణాలను మేం వెనక్కి నడిపిస్తాం. ఇంకా ఏమీ కాని, రేపు ఏమైనా కాగలిగిన పసికణాలుగా మారుస్తాం. వాటినే మూలకణాలంటారు. ఆ తర్వాత వాటిని బుజ్జగించి మెదడు కణాలుగా పెంచుతాం. బతికున్న మనిషి తల తెరిచి ఎక్కడ చెడిందో చూడలేం కాబట్టి, ఆ మనిషి కణాలనే గిన్నెలో పెంచుకుని చూస్తాం. వినడానికి బాగుంటుంది. చేయడానికి మాత్రం రోజూ పాత ద్రవం తీసి కొత్త ద్రవం పోయడమే. ఆదివారం లేదు, పండగ లేదు. మా అత్తయ్య రెండు గేదెలతో పడే పాట్లే నేను కంటికి ఆనని గేదెలతో పడుతున్నాను. పాలు మాత్రం ఇంకా రాలేదు.

"ఒసే, బేగి బయల్దేరొచ్చీ," అన్నాడు మావయ్య. "అమ్మమ్మ సెయ్యి బిగిసిపోనాది. గళాసు కూడా పట్టుకోలేకపోతన్నాది."

"బిళ్ళలు వేసుకుంటోందా?"

"బిళ్ళల సంగతి వదిలీ. నివ్వు ఆ మందు పట్టుకొచ్చీ."

"ఏ మందు?"

"అదేనే! నివ్వు పెంచుతన్నావు కదేటి, అది."

గిన్నెల వైపు చూశాను. పట్టుకురావడానికి వీలుగా అక్కడ ఏదీ లేదు. తోటి విద్యార్థికి నా కణాల పోషణ అప్పగించి, వాటి గురించి అత్తగారిలా పది జాగ్రత్తలు చెప్పి, ఆ సాయంత్రమే రైలెక్కాను. దారిలో తాగడానికని స్టీలు ఫ్లాస్కు నిండా టీ పోయించుకున్నాను. ఆ టీయే తెల్లారేసరికి కొంప ముంచింది.

మా మావయ్యకి ఆమదాలవలస స్టేషన్ ఎదురుగా సంచులూ గొడుగులూ అమ్మే కొట్టుంది. రైలు దిగినవాళ్ళలో సగం మంది ఆ కొట్టు ముందు నుంచే పోవాలి. కాబట్టి మా ఇంట్లో ఏం జరిగినా ముందు ఆ సగం మందికి తెలుస్తుంది. ఆయన ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. నా చేతిలో పెట్టె తీసుకోలేదు. వీపు మీది సంచీ వైపు చూడలేదు. ఫ్లాస్కు చూశాడు. మెడలోని తువ్వాలు తీసి, రెండు చేతుల మీద పరిచి, అందులోకి ఫ్లాస్కుని తీసుకున్నాడు.

"ఏడిగానే ఉన్నాదే," అన్నాడు మెల్లగా, తాకి చూసి.

కణాలను ఒంటి వేడిలోనే ఉంచాలని కిందటి సెలవుల్లో చెప్పింది నేనే. చెప్పింది గుర్తుంచుకునే చుట్టం ఉండటం కూడా కష్టమే.

"మావయ్యా, అందులో..."

"గట్టిగా మాట్లాడకే. కుదుపుకి పాడైపోతాది."

పొందూరు దాకా ఆటోలో ఫ్లాస్కు ఆయన ఒళ్ళోనే ఉంది. గోతులొచ్చిన చోటల్లా దాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. నేను రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ కళ్ళతోనే నోరు మూయించాడు. మూడోసారి ప్రయత్నించలేదు, ఎందుకంటే అప్పటికి నాకు కొంచెం సరదాగా కూడా ఉంది. ఆ సరదాకి శిక్ష ఇంటి ముందే దొరికింది. వీధిలోని ఆడవాళ్ళు ఏడెనిమిది మంది అరుగు మీద కూర్చుని ఉన్నారు. మావయ్య దిగి, ఫ్లాస్కుని వాళ్ళ మధ్య నుంచి నడిపించుకుంటూ తీసుకెళ్ళి దేవుడి అలమరలో పెట్టాడు. ఒకావిడ లేచి దండం పెట్టుకుంది.

ఇంక లాభం లేదని లోపలికెళ్ళి, ఫ్లాస్కు తీసి, మూతలోకి వంపుకుని, అందరూ చూస్తుండగా తాగాను.

"ఓలమ్మో!" అంది దండం పెట్టినావిడ.

"టీ," అన్నాను. "అల్లం వేసింది. కావాలా?"

ఆవిడ కాసేపు ఆలోచించి, గ్లాసు తెచ్చుకుంది.

అమ్మమ్మ ఇదంతా రాట్నం పక్కనున్న చాప మీంచి చూస్తోంది. నవ్వుతోందని నాకు తెలుసు గానీ నవ్వు ముఖం మీదికి రాలేదు. జబ్బు బిగిసినప్పుడు ముఖం కూడా బిగుస్తుంది. అది చూశాకే నా సరదా దిగిపోయింది.

అమ్మమ్మ నూలు వడుకుతుంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచీ అదే పని. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి దువ్వి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాచి, ఒక్కొక్కటే తీసి వడుకుతుంది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో లాగితే వచ్చే పోగు వెలుతుర్లో తప్ప కనబడదు. చేప దవడతో దువ్వే ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి, మా పరిశోధనశాలలో ఏ పరికరం చూసినా నాకు నోరెళ్ళబెట్టాలనిపించలేదు. కొన్నేళ్ళ కిందట ఆ జబ్బే వచ్చి, ఎడమచెయ్యి వణకడం మొదలుపెట్టింది. బిళ్ళలు వేసుకుంటే తగ్గింది. పూర్తిగా కాదు, పోగు తెగనంత. ఆమెకి అది చాలు.

ఇప్పుడు ఎడమచెయ్యి ఒళ్ళో మడిచి పెట్టుకుని ఉంది, ఎవరిదో దాచిపెట్టిన వస్తువులాగా. వడికిన నూలు చుట్టుకునే రాట్నం కదురు మీద ఒక్క పోగు కూడా లేదు. ఆ కదురు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"బిళ్ళలేవీ?" అన్నాను.

అమ్మమ్మ గడ్డంతో అరటి దొప్ప వైపు చూపించింది. ఏకుల కింద, వరసగా, వారం రోజుల బిళ్ళలు. పారేయలేదు. వస్తువు పారేసే అలవాటు ఆ ఇంట్లో లేదు.

"ఎందుకు మానేశావు?"

"మరి నివ్వే కదేటి సెప్పినావు."

"నేనా?"

నేనే. వేసవిలో వచ్చినప్పుడు, మూలకణాలంటే ఏమిటో అమ్మమ్మకి చెప్పాలని నాకు సరదా పుట్టింది. ఆమె పక్కన కూర్చుని, "వడికేసిన నూలుని మళ్ళీ పత్తిగా మార్చి, ఆ పత్తితో కావలసిన నూలు వడుక్కోవడం లాంటిదమ్మమ్మా," అని చెప్పాను. "అబద్దం," అంది అమ్మమ్మ. "నిజం," అన్నాను. ఆమె చాలాసేపు రాట్నం తిప్పలేదు. నాకు తెగ గర్వంగా ఉండింది. ఇంత బాగా మా గైడు మేడమ్ కూడా చెప్పలేదనుకున్నాను. అమ్మమ్మ ఆ మాటని నాకన్నా శ్రద్ధగా దాచుకుంది.

"కొత్త రకం పత్తి ఎక్కించేటప్పుడు ఏటి సేత్తాం?" అని అడిగింది ఇప్పుడు. "పాత నూలు ఇప్పీసి, కదురు తుడిసీసి, అప్పుడెక్కిత్తాం. ఒకదాన్లో ఒకటి కలిసిందా, రెండూ సెడతాయి. నీ కొత్త పత్తి వత్తాదని మీ మావయ్య సెప్పినాడు. అందుకే ఒంట్లోంచి పాత మందు ఇప్పీసినాను."

మావయ్య వైపు చూశాను.

"వత్తాదన్నాను. ఎప్పుడో సెప్పనేదు," అన్నాడు.

ఇంత పద్ధతిగా, ఇంత ఓపిగ్గా, పని తెలిసిన మనిషి చేసిన తప్పుని ఎలా తప్పనాలో నాకు తెలియలేదు. వడికేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇలా మందు మానరు.

మధ్యాహ్నం శ్రీకాకుళం వెళ్ళాం, ఆమెని మొదట్నుంచీ చూస్తున్న డాక్టరు దగ్గరికి. ఆయన చెయ్యి వంచి చూశాడు, నడిపించి చూశాడు, వారం నుంచి బిళ్ళల్లేవని విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఈ మందు ఇలా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకొస్తుంది. జ్వరం రావచ్చు, మింగడం కష్టమవచ్చు, పడిపోవచ్చు. మీ అదృష్టం, ఇంతటితో ఆగింది. ఇవాళే మొదలుపెట్టాలి. ముందు తక్కువగా, తర్వాత పెంచుదాం. తిండికి అరగంట ముందు."

"అలగే బావు," అంది అమ్మమ్మ.

ఓటు అడగడానికి వచ్చినవాళ్ళందరికీ ఆమె చెప్పేది ఆ 'అలగే బావు'నే.

తిరుగు బస్సులో మావయ్య నా పక్కన కూర్చుని ఫోన్ తీశాడు. ఎవరో పంపిన వీడియో. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, వెనక మూలకణాల బొమ్మ, ముందు పూలకుండీ.

"అక్కడ ఎక్కించేత్తన్నారట. ఒక్క ఇంజెక్షన్. మూడోనాటికి పరిగెడతన్నారట."

"ఎవరు? రోగా, డాక్టరా?"

"వేళాకోళం కాదే."

"నాదీ కాదు మావయ్యా. దీని మీద ఇంకా పరీక్షలే జరుగుతున్నాయి. కొద్దిమందికి, కొన్నిచోట్ల, కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తూ పెడుతున్నారు. వాళ్ళు పూలకుండీ పక్కన కూర్చుని వీడియోలు తీసుకోరు. ఇలా బోర్డు కట్టి పొడిచేవాళ్ళ దగ్గరికి మాత్రం అమ్మమ్మని పంపను."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి, "శ్రీకూర్మం సామికి మొక్కినాను," అన్నాడు. దానికి నేను అడ్డు చెప్పలేదు. దేవుళ్ళందరిలోనూ తాబేలు రూపంలో ఉన్న ఆయనకే మా పరిశోధన వేగం అర్థమవుతుంది.

సాయంత్రం భోజనానికి అరగంట ముందు సగం బిళ్ళా నీళ్ళూ తీసుకెళ్ళాను. అమ్మమ్మ బిళ్ళ తీసుకుంది, నాకు నవ్వు ముఖం పెట్టాలని ప్రయత్నించింది, నేను గ్లాసు పెట్టి వచ్చేలోపు బిళ్ళని దొప్పలో మిగతావాటి పక్కన పెట్టేసింది. రాత్రి దొప్ప ఎత్తి చూస్తే గానీ నాకు తెలియలేదు, బిళ్ళ పడిన చప్పుడు కూడా రాలేదు. వణికే చేత్తో అంత పనితనం!

మర్నాడు పొద్దున్నే ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. రైల్లో సామర్లకోట నుంచి విజయనగరం దాకా నాలో నేను వల్లించుకున్న మాట ఒకటుంది. ఫ్లాస్కు గొడవలో దాన్ని బయటికి తీయలేదు.

"అమ్మమ్మా, నేను పెంచుతున్నవి మందు కాదు. జబ్బు ఎలా వస్తుందో చూడ్డానికి పెంచుతున్నాను. వాటిని ఎవరి తలలోనూ పెట్టరు. వేరేవాళ్ళు వేరేరకంవి పెంచి, పెట్టి చూస్తున్నారు. అది కుదిరి, అందరికీ వచ్చేసరికి ఎన్నేళ్ళవుతుందో తెలీదు. నీకు అందదనే అనుకుంటున్నాను."

చెప్పేశాను. ఆమె ఏడిస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉన్నాను.

"ఇదేనా?" అంది అమ్మమ్మ. "నిన్నట్నుంచీ మొకం అలగ యేలాడేసుకుని తిరుగుతంటే, నిన్ను అక్కడ ఉజ్జోగంలోంచి తీసీసినారేమో అనుకున్నాను."

"అది ఉద్యోగం కాదమ్మమ్మా, చదువు."

"ఇంకానా?"

ఆ విషయం మీద మా ఇంట్లో ఎవరూ నా పక్షం కాదు కాబట్టి ముందుకు పోయాను. "అందుకే బిళ్ళ వేసుకోవాలి."

"అందదని గట్టిగా తెలుసునేటి నీకు?"

"గట్టిగా అంటే... ఎవరికీ తెలీదు."

"మరింకేటి. ఉంటాను."

తెలియనిదాన్ని తెలుసునని చెప్పకూడదని మాకు మొదటిరోజే నేర్పుతారు. ఆ పాఠం పుణ్యమా అని ఇంట్లో ఎన్ని వాదనలు ఓడిపోయానో! మావయ్య గుమ్మంలోంచి, "నేదూ, ఎప్పటికీ రాదని సెప్పీయే, పీడా పోద్ది," అని గుసగుసగా అరిచాడు. చెప్పలేకపోయాను.

ఏం చేయాలో తోచక రాట్నం ముందుకి లాక్కున్నాను. "సరే, నీ కొత్త పత్తి వచ్చేదాకా ఇది ఖాళీగా ఎందుకు? నేను వడుకుతాను."

అమ్మమ్మ చాప మీద సర్దుకుని కూర్చుంది. మూడు తరాల నుంచీ ఆ ఇంట్లో వడకడం రాని మొదటి ఆడపిల్లని నేను. చూడ్డానికి బాగుంటుందని ఆమెకి తెలుసు.

ఏకు పట్టుకుని రాట్నం తిప్పాను. పోగు వచ్చింది. దాన్ని పోగనడానికి కొంచెం ధైర్యం కావాలి. దానితో పడవ కట్టేయవచ్చు.

"ఒసే, అది పంచెకా, పలుపుకా?"

"పంచెకే. గేదె కట్టుకునే పంచె."

చెయ్యి కొంచెం పైకెత్తమంది. ఎత్తాను. పోగు సన్నబడింది, ఒక జానెడు బాగా వచ్చింది, నాకు పొగరెక్కింది, ఠప్పున తెగింది. మళ్ళీ మొదలుపెడదామని కదురు మీదున్నదంతా విప్పి లాగేయబోయాను.

చేతి మీద చుర్రుమంది. కొట్టింది అమ్మమ్మే, ఆ బిగిసిన ఎడమచేత్తోనే.

"ఎందుకే లాగీతన్నావు?"

"మొదట్నుంచీ వడుకుదామని. శుభ్రంగా."

"ఓసి నీ సదువు తగలెయ్యా! తెగినప్పుడల్లా కదురు ఖాళీ సేసుకుంటా కూకుంటే పంచె ఏనాటికవుద్ది? పాత కొస ఉంచు. దాని పక్కన కొత్త ఏకు పెట్టి మెలితిప్పు, అదే పట్టుకుంటాది. పాత కొస నేకపోతే కొత్తది దేన్ని పట్టుకుంటాదే?"

అని ఆగిపోయింది.

నేను నోరు మూసుకున్నాను. ఇది చూసినవాళ్ళు తక్కువ. నోటి చివర ఒక పెద్ద ఉపన్యాసం వచ్చి నిలబడింది. కణాలు పెట్టి చూస్తున్నచోట కూడా పాత నరాలతో అవి కలవాలనీ, ఆ మనుషులు కూడా తమ బిళ్ళలు మానరనీ చెప్పవచ్చు. అంతా నిజమే. కానీ వేసవిలో నేను చెప్పిన పత్తి కథ ఏం చేసిందో కళ్ళ ముందే ఉంది. ఇంకో కథ చెప్పే ధైర్యం లేదు. పాత కొస వేలి కింద నొక్కిపెట్టి, కొత్త ఏకు పక్కన పెట్టి మెలితిప్పాను. ముడిలాగా లావుగా వచ్చింది గానీ, పట్టుకుంది.

పక్కింట్లో మిక్సీ తిరిగి ఆగింది.

"నా పత్తి మారనేదు కదేటి," అంది అమ్మమ్మ, నాతో కాదు, కదురుతో.

"మారలేదు."

"తెగినాది, అంతే."

"అంతే."

"ఆ దొప్ప ఇలాగియ్యి."

ఇచ్చాను. వారం రోజుల బిళ్ళలూ, నిన్నటి దొంగబిళ్ళతో సహా, చీర చెంగులో పోసుకుని గంభీరంగా చూసింది. "అన్నీ ఒకేసారి ఏసీసుకోనా? ఎనకబడిపోనాను కదా."

"వద్దు!" మావయ్యా నేనూ ఒకేసారి అరిచాం. మా ఇద్దరికీ ఒకే అభిప్రాయం కలగడం అదే మొదలు.

డాక్టరు చెప్పిన సగం బిళ్ళ విరిచి ఇచ్చాను. ఈసారి నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూశాను. "పోలీసుదానివి," అంది.

ఆ తర్వాత అద్భుతం ఏమీ జరగలేదు. మావయ్య మాత్రం దానికోసం కాపలా కాశాడు. గంటకోసారి వచ్చి అమ్మమ్మ చెయ్యి పైకి లేపి వదిలేవాడు. అది ఎలా పడుతుందో చూసి, ఫోన్లో ఎవరికో చెప్పేవాడు. రెండోరోజు ఏమీ లేదు. మూడోరోజు రవికె హుక్కు తనే పెట్టుకుంది. డాక్టరు ఫోన్లో చెప్పినట్టు మోతాదు పెంచాక గ్లాసు పట్టుకుంది. సెలవు చివరి రోజుల్లో ఒక పొద్దున, నేను లేచేసరికి రాట్నం చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే అమ్మమ్మ వడుకుతోంది. చెయ్యి వణుకుతోంది. పోగు నాలుగుసార్లు తెగింది, నాలుగుసార్లూ అతికింది. కదురు మీద నేను వడికిన పలుపు అలాగే ఉంది. దాని కొసకే సన్నటి నూలు అతుక్కుని పోతోంది.

"ఇది తీసేయలేదేం?" అన్నాను.

"ఉండనీ. ఎవుడో కట్టుకున్నోడికి అక్కడ గుచ్చుకుంటాది. నీ గుర్తు."

ముఖం కదిలింది. ఈసారి నవ్వు నవ్వులాగే వచ్చింది.

వెళ్ళేరోజు కొట్టు దగ్గర మావయ్య గొడుగు కొంటున్న ఒకాయనకి నన్ను చూపించాడు. "మా మేనకోడలు. ఈ గుంట తెచ్చిన మందుతోనే మాయమ్మ మళ్ళీ వడుకుతన్నాది."

"అది పాత బిళ్ళే మావయ్యా. మీ ఇంట్లోనే, దొప్పలో ఉన్నదే."

"ఉంటే ఉన్నాది. దొప్పలోంచి తీసింది నివ్వే కదే," అన్నాడు. గొడుగాయన నాకు దండం పెట్టాడు. ఆయన చేతిలో ఫ్లాస్కు పెట్టి, టీ ఉందని చెప్పాను.

ఇప్పుడు రోజూ పొద్దున ఫలహారానికి అరగంట ముందు నా ఫోన్ మోగుతుంది. చేతులకి గ్లవ్స్, ముందు గిన్నెలు. మోచేత్తో స్పీకర్ నొక్కుతాను.

"నా గుంటలకి కూడెట్టినావా?" అంటుంది అమ్మమ్మ. గిన్నెల్లో ఉన్నవి తన పిల్లలు కావని చెప్పడం మానేశాను.

"పెడుతున్నాను. నువ్వు వేసుకున్నావా?"

"ఏసీసుకున్నాను."

"నాలుక ఎత్తు."

"ఫోన్లో ఏటి కనపడతాదే!" అని నవ్వి, పెట్టేస్తుంది. వెనకాల రాట్నం చప్పుడు వినిపిస్తే నమ్ముతాను. వినిపించని రోజున మావయ్యకి ఫోన్ చేస్తాను.